కొంగు ఊపి పిలిచే పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని ఎదురింటి వదిన ఫోన్ చేసి చెప్పింది. ఆ సమయానికి నేను బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. పొద్దునపూట వదిన ఎప్పుడూ ఫోన్ చేయదు. అందుకే వరండాలోకి వచ్చి ఎత్తాను.

“మీ పెద్దమ్మ ఇంగ లేదు పాపా. అరుగు మింద కూచోని ఉన్యాది. నెత్తిన చెయ్యి పెట్టుకోని ఉంటే తలనొప్పేమో అనుకుంటి. ‘ఏం పిన్నమ్మా, తల నొస్తాందా’ అని ఈడ్నించే పిలిస్తి. పలకలే. దగ్గరికి పోయి చూస్తే...” అంది వదిన. ఆ తర్వాత ఏడ్చేసింది.

నేను వెంటనే ఏడవలేదు. “నెత్తిన చెయ్యా?” అని అడిగాను. చావు కబురు విన్న మనిషి అడగాల్సిన మొదటి మాట అది కాదని నాకూ తెలుసు. “అవును పాపా, నెత్తిననే. ఎందుకట్ల అడుగుతావు?” అంది వదిన ముక్కు చీదుతూ. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. లోపల పిల్లలు గోల మొదలుపెట్టారు.

మా వైపు ఎవరైనా నెత్తిన చెయ్యి పెట్టుకుంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఇంట్లో ఎవరో పోయినట్టు ఆ కూర్చోవడం ఏమిటి, తీయ్ చెయ్యి అని గదమాయిస్తారు. ఊరందరికీ అది అశుభం. మా ఒక్క ఇంట్లో మాత్రం అది శుభవార్త. ఎందుకలా అయిందో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి. అక్కను పక్కన పెట్టి పెద్దమ్మ గురించి ఒక్క ముక్క కూడా రాయలేను.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా అమ్మా పెద్దమ్మా సొంత అక్కచెల్లెళ్ళు, ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ఇల్లాళ్ళయ్యారు. అందుకని నాకు ఇద్దరు తల్లులు. అమ్మ మెతక. పెద్దమ్మది ఇల్లెగిరిపోయే గొంతు. మా చేను గట్టు మీద నిలబడి ఆమె మా పెద్దనాయనను పిలిస్తే, పక్క చేలో మేస్తున్న ఎద్దులు కూడా తలెత్తి చూసేవి. “ఆ గొంతుకు మైకు కూడా దండగ” అని మా నాయన ఎగతాళి చేసేవాడు. ఊళ్ళో ఆ గొంతు వినపడని మనిషి ఒక్కతే ఉండేది. ఆమె కడుపున పుట్టిన మా అక్క.

అక్కకు పుట్టు చెవుడు. అందుకని మాట కూడా రాలేదు. బెంగళూరుకు తీసుకుపోయి చూపించారు, దర్గాలో తాయెత్తు కట్టించారు, ఆకుపసరు పోయించారు. ఏదీ పని చేయకపోయేసరికి పెద్దమ్మ తేల్చేసింది. “దానికి మా మాట రాకపోతే మేమే దాని మాట నేర్చుకుంటాం. చేతులుండేది సంగటి తినేకేనా?” అంది. అప్పటి నుంచి మా ఇంట్లో సగం మాటలు చేతులతోనే నడిచేవి. మా పెద్దనాయన అంటే మీసం మెలేయడం. నేనంటే బుగ్గ పిండుకోవడం, చిన్నప్పుడు నేను బొద్దుగా ఉండేదాన్ని. అమ్మ అంటే, అంటే పెద్దమ్మ అంటే, కొంగు పట్టుకుని గాలిలో ఊపడం.

దూరంగా ఉన్న అక్కను పెద్దమ్మ అలాగే పిలిచేది. నడుముకు చెక్కిన కొంగు లాగి, చెయ్యెత్తి ఊపేది. మా చేను ఎర్రనేల, చెట్టూ చేమా తక్కువ. ఎంత దూరాన ఉన్నా అక్క కంటికి ఆ కొంగు ఆనేది. చేతిలో ఏ పనున్నా వదిలేసి, మేకలను కూడా వదిలేసి పరుగెత్తుకొచ్చేది. ఊళ్ళో పిల్లలు అరిచి పిలిస్తే రారు, మా అక్క కొంగు ఊపితే వచ్చేది అని పెద్దమ్మకు గర్వంగా ఉండేది.

వానకు కూడా అక్క పెట్టిన గుర్తు ఒకటుంది. అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని నవ్వేది. తొలి చినుకు నెత్తిన పడితే మనం చటుక్కున చెయ్యి పెట్టుకుంటామే, అదన్నమాట. మా ఇంట్లో ఇది అందరికీ అలవాటు కావడానికి వేరే కారణం ఉంది. వాన వచ్చేట్టుందని నోటితో అనకూడదని పెద్దమ్మ పట్టుదల. మబ్బు కనపడగానే ఎవరైనా నోరు తెరవబోతే “ఊరకుండండే, మబ్బుకు ఇనపడితే పోతాది” అని కసిరేది. మా వైపు మబ్బులు నిజంగానే అలాంటివి. నల్లగా కమ్ముకొచ్చి, అందరినీ ఇళ్ళలోంచి బయటికి రప్పించి, పక్క మండలానికి వెళ్ళిపోతాయి. అందుకని మా ఇంట్లో వాన మాట ఎవరూ అనేవారు కాదు. నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళం. బయటివాళ్ళు చూస్తే మాకు పిచ్చెక్కిందనుకునేవారేమో.

ఆ ఏడు చెనిక్కాయ, అదే వేరుశనగ, ఊడలు దిగి కాయ పట్టే కాలంలో వాన ఎగ్గొట్టింది. ఆకు ముడుచుకుపోయింది. పెద్దనాయన చేను వైపు పోవడమే మానేశాడు. ఒకనాటి మధ్యాహ్నం మబ్బు పట్టింది. అక్క చేనుకు అవతలి గట్టు మీద మేకలు మేపుతోంది. పెద్దమ్మ ఇవతలి గట్టున గడ్డి కోస్తోంది. నేనింకా చదువుకునే పిల్లను, బడిలో ఉన్నాను. బడి కిటికీలోంచి ఆ మెరుపు చూశాను. పిల్లలందరితో పాటు చెవులు మూసుకున్నాను. ఆ పిడుగు మా అక్క మీద పడిందని ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు.

అక్క పోయాక పెద్దమ్మ గొంతు మారిపోయింది. అంత పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. పక్కన కూర్చుంటే తప్ప వినపడనంత మెల్లగా మాట్లాడేది. దిగులుతో అలా అయిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తూ ఆమె తనంతట తాను చెప్పేదాకా.

“అది నన్నే చూస్తాన్యాది పాపా. నెత్తిన చెయ్యి పెట్టుకోని నవ్వుతాన్యాది, వాన వస్తాందని నాకు చెప్తాన్యాది. ఆకాశం చూస్తే నాకు గుండె జారిపాయ. రమ్మని పిలిస్తి. ఎట్ల పిలిస్తినో తెల్సునా? అరిస్తి. నోరు పగిలేతట్ల అరిస్తి. కొంగు నడుముకు చెక్కుకోని ఉండాది. అది లాగి ఊపల్లని తోచలే. చెవిటి బిడ్డను అరిసి పిలిచే తల్లి యాడన్నా ఉంటాదా?”

నేను లెక్కల టీచర్ని. ప్రతిదానికీ సమాధానం ఉంటుందనుకునే రకం. కొంగు ఊపినా అక్క అంత దూరం రాలేకపోయేది పెద్దమ్మా, పిడుగు క్షణంలో పడుతుంది అని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. “రాలేకపోయినా పర్లేదు. పిలిచినానని తెలిసుండేది. నేను చూస్తా ఊరకున్యానని అనుకోనే పోయిందేమో. దాన్ని ఒగసారి అడగల్ల. అంతే. ఇంకేం వద్దు నాకు” అంది. అని మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

అడగడానికి ఆమె తిరగని జాతర లేదు. మా వైపు జాతరల్లో పూనకం వచ్చిన ఆడవాళ్ళ మీదికి దేవతలే కాదు, పోయినవాళ్ళు కూడా వస్తారని నమ్మకం. ఉరుములని పిలిచే డోళ్ళ వాయిద్యం మొదలై, ఎవరో ఒకామె జుట్టు విరబోసుకుని ఊగితే చాలు, పెద్దమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వెళ్ళేది. పసుపునీళ్ళు చల్లి “ఎవరు తల్లీ నువ్వు? నా బిడ్డవా?” అని అడిగేది. ఒకామె మీదికి ఆమె అత్త వచ్చేది, ఇంకొకామె మీదికి ఊరి దేవత వచ్చి కోడిని అడిగేది. మా అక్క ఎవరి మీదికీ రాలేదు. పెద్దమ్మ తిరిగివచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ నీళ్ళను కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, సంగటి కెలకడానికి కూర్చునేది. ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు. నాకు కోపం వచ్చేది. ఇన్నేళ్ళుగా ఈమె ఇంతలా తిరుగుతుంటే ఒక్కసారి వస్తే అక్క సొమ్మేం పోతుంది అనుకునేదాన్ని. అంటే నేనూ నమ్మేదాన్నే అన్నమాట, లెక్కల టీచర్నయినా.

ఆమె ముందు మేము నెత్తిన చెయ్యి పెట్టుకోవడం మానేశాం. కానీ అలవాటు అంత తేలిగ్గా పోదు. పెళ్ళై అనంతపురం వచ్చాక కూడా మిద్దె మీద బట్టలు ఆరేస్తూ మబ్బు కనపడితే నా చెయ్యి తనంతట తనే నెత్తి మీదికి పోయేది. నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు. నా కూతురు నన్ను చూసి అలాగే చేసేది. ఎందుకని అది అడగలేదు, ఎవరిదని నేను చెప్పలేదు. నేను పోపు వేసే పద్ధతి లాగా అది కూడా మా ఇంటి పద్ధతి అనుకుంది, అంతే.

ఆ కూతురు పెరిగి బెంగళూరులో నాట్యం నేర్చుకుంటానంది. గజ్జెలు కట్టే నాట్యం కాదు, కొత్తరకంది. నాలుగేళ్ళు అదేమిటో మాకు అర్థం కాలేదు. పోయిన ఏడాది వాళ్ళ బృందం అనంతపురంలోనే ప్రదర్శన ఇస్తుందని, కరువు మీద అని, అందరూ రావాలని చెప్పింది. మా ఆయన వ్యాన్ మాట్లాడాడు. ఊరి నుంచి పెద్దమ్మను, ఎదురింటి వదినను తీసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ రాలేకపోయింది. మా బడిలో సైన్సు చెప్పే నా స్నేహితురాలు కూడా వచ్చింది. పెద్దమ్మ పెట్టెలోంచి పాత ధర్మవరం చీర తీసి కట్టుకుంది. వదిన డబ్బా నిండా చిత్రాన్నం కలుపుకుని, కనకాంబరాల దండ ఒకటి తడిగుడ్డలో చుట్టుకుని వచ్చింది. దండ నాట్యం చేసే పిల్ల జడకంట. మా అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం వెలుగు ఇంకా బయట ఉండగానే హాలులో చీకటి చేశారు. మేము ముందువరుసల్లోనే కూర్చున్నాం. తెర లేదు. వేదిక మీద ఎర్రమట్టి పోసి ఉంది. మట్టిరంగు బట్టలు వేసుకున్న పిల్లలు కొందరు దాని మీద పడుకుని ఉన్నారు. ఎక్కడి నుంచో బోరు వేసే యంత్రం చప్పుడు వినిపిస్తోంది. ఒకరు లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ పడుకున్నారు. ఇంకొకరు మట్టిని దోసిట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జార్చారు. ఇదే చాలాసేపు జరిగింది.

వదిన నా చెవి దగ్గరికి వంగి “ఎప్పుడు మొదులు పెడతారంట?” అని అడిగింది.

“ఇదే వదినా. మొదలై చాలాసేపైంది.”

“ఇదా? గజ్జెలు యాడ? పాట యాడ?”

నా స్నేహితురాలు గొంతు తగ్గించి, ఇలాంటి నాట్యంలో అర్థం వెతక్కూడదండీ, ఊరికే చూడాలి అని చెప్పింది. “అర్థం ఎదకొద్దంటే ఇంగేం ఎదకల్ల టీచరమ్మా?” అంది వదిన. వెనకవరుసలో ఎవరో నవ్వారు. మా ఆయన అప్పటికే కునుకు తీస్తున్నాడు. పెద్దమ్మ ఒక్కతే వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని చూస్తోంది. ఆమె ఎప్పుడూ అంతే. బస్సులో కూడా దిగబోయే మనిషిలాగే కూర్చుంటుంది.

బోరు చప్పుడు ఆగిపోయింది. పడుకున్న పిల్లలంతా దొర్లుకుంటూ పక్కలకు వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఒక్కతే మట్టి మీద నడుచుకుంటూ అవతలి మూలకు పోయి, మా వైపు తిరిగి నిలబడింది. చప్పుడు లేదు. హాలంతా దగ్గు కూడా లేకుండా ఉంది. అప్పుడది అరచెయ్యి ఎత్తి నడినెత్తిన పెట్టుకుంది. మొహం పైకెత్తింది. కళ్ళు మూసుకుని నవ్వింది.

అది నాట్యంలో ఉందని నాకు తెలియదు. ఆ ఎర్రమట్టి, ఆ దూరం, ఆ నవ్వు. అక్కకు పోయేనాటికి దాదాపు మా అమ్మాయి వయసే. దాని చుట్టూ ఉన్న వెలుగు కొంచెం కొంచెంగా చిన్నదవుతోంది. నేను పెద్దమ్మ వైపు చూడడానికి భయపడ్డాను. చూడకముందే ఆమె లేచి నిలబడింది.

ఆమె నోరు తెరిచింది. అరుస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళు లోపల దాచిన ఆ గొంతు ఇప్పుడు ఈ హాలులో బయటికొస్తుందనుకుని చెయ్యి పట్టుకోబోయాను. ఆమె అరవలేదు. తెరిచిన నోరు మూసుకుంది. నడుముకు చెక్కిన కొంగు లాగింది. చెయ్యి పైకెత్తి, ఆ చీకట్లో, ఊపసాగింది. జరీ అంచు మీద వేదిక వెలుగు పడుతూ పోతూ ఉంది. “పిన్నమ్మా, కూచో” అని వదిన చీర పట్టి లాగింది. ఆమెకు వినపడలేదు.

మా అమ్మాయి కళ్ళు తెరిచింది. చూసింది. నెత్తి మీది చెయ్యి తీయకుండానే అడుగులు వేసింది. మొదట మెల్లగా, తర్వాత పరుగెత్తుకుంటూ వేదిక అంచుదాకా వచ్చి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దమ్మ ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూసుకోకుండా వరుస దాటి ముందుకు పోయింది. వేదిక ఆమె రొమ్ము ఎత్తు ఉంది. చేతులు చాచి, కొంగుతో నా కూతురి తల తుడవడం మొదలుపెట్టింది. వానలో తడిసివచ్చిన పిల్లకు తుడిచినట్టు, నుదురు, చెవుల వెనక, మెడ, జుట్టు కుదుళ్ళు. తడి లేని తల. దాన్ని అంత ఓపిగ్గా తుడిచింది. పిల్ల కళ్ళు మూసుకుని తుడిపించుకుంది. ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు.

లైట్లు వేసేవాడికి ఏం చేయాలో తోచనట్టుంది, వెలుగు అలాగే ఉంచేశాడు. ఇదంతా నాట్యంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అయిపోయాక బయట అందరూ చుట్టూ చేరారు. వాళ్ళ గురువు వచ్చి “అవ్వా, బెంగళూరులో ప్రదర్శనకు కూడా వస్తారా?” అని అడిగాడు. నవ్వులాటకే అడిగాడులెండి. “ఒగసారి చాలు నాయనా” అంది పెద్దమ్మ. వదిన కనకాంబరాల దండ పట్టుకుని, పిల్ల కత్తిరించిన జుట్టు చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి చేతికి చుట్టింది. “నాకు ఒగ ముక్క అర్థం కాలే పాపా. కానీ ఏడుపొచ్చె. అదెందుకో నువ్వన్నా చెప్పు” అంది.

వ్యాన్‌లో నేను మా అమ్మాయిని అడిగాను, అంచుదాకా ఎందుకొచ్చావని.

“తెలీదు మా. అసలైతే నేను అక్కడే నిలబడాల. లైటు పూర్తిగా ఆరిపోవాల. కొంగు కనపడింది, నన్నే పిలుస్తాండాదనిపించింది. కాళ్ళు వాటంతట అవే వచ్చేసినాయి.”

పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. కొంగు ఇంకా చేతిలోనే ఉంది, నడుముకు చెక్కుకోలేదు. “నేనొగ పిచ్చిదాన్ని. పలికేవాళ్ళ దగ్గరంతా ఎదికినా. మాట రాని బిడ్డ, పలికేవాళ్ళ దగ్గరికి ఎందుకొస్తాది?” అంది, మాలో ఎవరితోనూ కాదు. వదిన చిత్రాన్నం డబ్బా తెరిచి అందరికీ పంచింది. పెద్దమ్మ తిన్నది. మా అమ్మాయి కంటే ఎక్కువే తిన్నది.

ఆ మర్నాడు పొద్దున ఆమె మా ఇంట్లోనే ఉంది. వంటింట్లో కింద కూర్చుని ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుతోంది. నాకు మనసు నిలవలేదు. ఉన్న సంగతి చెప్పేయాలనిపించింది. అబద్ధపు నమ్మకంతో ఆమెను వదిలేస్తే తప్పనిపించింది.

“పెద్దమ్మా, ఆ గుర్తు పాప నన్ను చూసి నేర్చుకున్యాది. నేను అక్కను చూసి నేర్చుకున్యా. మబ్బు పడితే నేనిక్కడ కూడా అట్లే చేస్తా. అందుకే అది నాట్యంలో పెట్టింది. ఇంకేం లేదు దాంట్లో” అన్నాను.

ఆమె బొరుగులు పిండడం ఆపలేదు. నేను తెలివితక్కువ ప్రశ్న అడిగినప్పుడు చిన్నప్పుడు ఎలా చూసేదో అలా చూసింది.

“మరి? ఇంకెట్ల వస్తాదనుకుంటివి?” అంది.

ఆ చూపు నన్ను వదల్లేదు. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఆగిపోతాను. అక్క చెయ్యి నా చేతిలోకి, నా చేతిలోంచి నా కూతురి చేతిలోకి వచ్చింది. కారణం చెప్పేశాను కదా అనుకున్నాను, చెప్పాక ఇంకా భయం వేసింది. మిద్దె మీద మబ్బు చూసి చెయ్యెత్తబోయి, ఇది ఎవరి చెయ్యి అని ఆగిన రోజులున్నాయి.

పెద్దమ్మ మాత్రం ఆ తర్వాత తేలికపడింది. జాతరలకు పోవడం మానేసింది. జాతర ఉరుముల చప్పుడు వినపడినా అరుగు దిగేది కాదు, కావాలంటే వినేది, లేకపోతే నిద్రపోయేది. గొంతు కొంచెం పెరిగింది కూడా. ఫోన్‌లో ఆమె మాట్లాడితే నేను చెవికి కాస్త దూరంగా పెట్టుకోవాల్సి వచ్చేది. “ఏమ్మే, బతికుండావా?” అని మొదలుపెట్టేది. చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి పంపించాను, అందిందా అని అడిగేది. మా అమ్మాయిని ఎప్పుడూ ఏమీ ప్రత్యేకంగా అడగలేదు. అది ఊరికి వెళితే మాత్రం తలకు నూనె పెట్టి, చాలాసేపు తల నిమురుతూ కూర్చునేది. నాకు సంతోషంగా ఉండేది. ఆ తలలో ఆమె ఎవరి తల నిమురుతోందో అని ఒళ్ళు జలదరించేది కూడా. రెండూ నిజమే.

పెద్దమ్మను చేలోనే, అక్క పక్కనే పెట్టాం. మా ఇద్దరు తల్లుల్లో మిగిలిన అమ్మ, ఆ రోజంతా నా చెయ్యి వదల్లేదు. దినం రోజు భోజనాలు అయ్యాక వదినా నేనూ అరుగు మీద కూర్చున్నాం. మా అమ్మాయి గడపలో నిలబడి ఉంది. అక్కడి నుంచి చూస్తే ఇళ్ళు అయిపోయి చేలు మొదలవుతాయి, మా చేను అవతలి గట్టు దాకా కనపడుతుంది. ఫోన్ వచ్చిన రోజు నుంచి నా లోపల తిరుగుతున్న మాట అప్పుడడిగాను.

“ఆ పొద్దు మబ్బేమన్నా పట్టిందా వదినా?”

“మబ్బా? యాడ మబ్బు పాపా. పొద్దున్నే నిప్పులు పోసినట్ల ఎండ. అందుకే తలనొప్పి అనుకుంటి.” వదిన కళ్ళు తుడుచుకుంది. “మొగం పైకెత్తి, కండ్లు మూసుకోని ఉన్యాది. నవ్వినట్ల ఉన్యాది. ఆ చెయ్యి తీసేకి నాకు మనసు రాలే.”

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

“ఇంగొగటి చెప్పేకి మర్సిపోతి” అంది వదిన. “ఒగ కాలికి చెప్పు తొడుక్కోని ఉన్యాది. రెండోది తొడుక్కోలే. యాడికో పోదామని లేసిందేమో మరి. ఎవరన్నా పిలిచినారేమో అని మా ఇంట్లో అందర్నీ అడిగితి. ఎవరూ పిల్చలేదంట.”

మేము ముగ్గురం ఒకేసారి కిందికి చూశాం. రెండో చెప్పు ఇంకా మెట్టు మీదే ఉంది. పదకొండు రోజులుగా ఇంటినిండా జనం తిరిగినా ఎవరి కాలూ దానికి తగిలినట్టు లేదు. దాని ముందుభాగం చేను వైపు తిరిగి ఉంది.